జేబులో పెన్‌డ్రైవ్ ఉందా?

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. కాజీపేటలో ఎక్కిన రైలు సికింద్రాబాద్‌లో దిగి, మెట్రో పట్టుకుని మాదాపూర్‌లో నేనుండే హాస్టల్‌కి చేరేసరికి రెండో అంతస్తు వరండాలో పంచాయితీ నడుస్తోంది. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో లాప్‌టాప్, తెర నిండా నీలం రంగు. చుట్టూ ఎనిమిది మంది.

లాప్‌టాప్ ఒక గుంటూరు కుర్రాడిది. నాలుగేళ్ల అనుభవం ఉంది. మర్నాడు పొద్దున పదింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఆఫీసు లాప్‌టాప్ గదిలోనే ఉంది కానీ, వేరే కంపెనీ ఇంటర్వ్యూకి దాని ముందు కూర్చోలేడు కదా! చుట్టూ నిలబడ్డవాళ్లూ తక్కువవాళ్లేం కాదు. ఒకతను ఎక్కడో సముద్రాల అవతల ఉన్న సర్వర్లను వందల్లో లేపి పడుకోబెడుతుంటాడు. ఇంకొకతను బ్యాంకు యాప్‌లకు భద్రతా పరీక్షలు చేస్తాడు. "రీస్టార్ట్ చేశావా?" అని ఒకరు అయిదోసారి అడిగారు. "రేపు సీటీసీకి తీసుకెళ్లు, గంటలో చేసిస్తారు" అన్నారు ఇంకొకరు. సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అక్కడ షాపులు తెరిచేలోపు ఇంటర్వ్యూ అయిపోతుంది.

"ఎవరి దగ్గరైనా బూటబుల్ పెన్‌డ్రైవ్ ఉందా?" అని అడిగాను. అంటే కంప్యూటర్ తన డిస్క్ లేకపోయినా దానిమీంచి లేవగలిగే పెన్‌డ్రైవ్. నలభై మంది ఇంజనీర్లున్న హాస్టల్లో ఒక్కటి లేదు. నా దగ్గరా లేదు. నాది హన్మకొండలో బీరువా సొరుగులో భద్రంగా ఉంది! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే.

అప్పుడొచ్చాడు మూలగది అబ్బాయి. నల్లగొండ వైపు వాడు. మైండ్‌స్పేస్‌లో ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద డెస్క్‌టాప్ సపోర్ట్ చేస్తాడు. ఆ వరండాలో ఉన్నవాళ్లందరిలో జీతం తక్కువ అతనికే. స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని వస్తూ ఆగాడు. ముందు తెరమీదున్న ఆ ఒక్క లైనూ చదివాడు. బూట్ డివైస్ దొరకడం లేదని అందులో స్పష్టంగా రాసుంది. అప్పటిదాకా మా తొమ్మిది మందిలో ఒక్కరం కూడా దాన్ని చదవలేదు. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. తర్వాత గుంటూరు కుర్రాణ్ణి అడిగాడు:

"అన్నా, నీ ఫోన్ల చార్జింగ్ ఎంతున్నది?"

"అరవై శాతం."

"సాలు."

గదిలోంచి గోరంత ఓటీజీ ముక్క తెచ్చాడు. ఫోన్ టైప్-సీ పోర్టుకి పెన్‌డ్రైవ్ తగిలించే అడాప్టర్ అది. యాభయ్యో వందో పెడితే అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద దొరుకుతుంది. ఎవరో సినిమాలున్న 16 జీబీ పెన్‌డ్రైవ్ ఇచ్చారు. "ఇది మొత్తం పోతది. ఉంచుకునేయి ఏమన్న ఉన్నయా?" అని ఇచ్చినతన్ని అడిగాడు. "అన్నీ పాత సినిమాలే" అన్నాడతను. "ఒక్కసారి తెరిచి చూడన్నా" అన్నాడు ఈ అబ్బాయి. చూస్తే సినిమాల ఫోల్డర్ కింద బీటెక్ సర్టిఫికెట్ల స్కాన్లున్నాయి. అవి ముందు ఫోన్‌లోకి వచ్చాయి. తర్వాతే పని మొదలైంది.

హాస్టల్ వైఫై నత్తనడక కాబట్టి మొబైల్ డేటా మీద లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఐఎస్ఓ ఫైలు దించాడు. దాదాపు మూడు జీబీ. ఎచ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌తో దాన్ని ఫోన్ నుంచే పెన్‌డ్రైవ్ మీద రాశాడు. ఫోన్‌ని రూట్ చేయక్కర్లేదు, మధ్యలో ఇంకో కంప్యూటర్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కి పెట్టి, పవర్ బటన్ నొక్కి, ఎఫ్12 టకటకా కొట్టాడు. మింట్ లేచింది. హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిచే లైవ్ సెషన్ అది. వైఫై కార్డుని మాత్రం గుర్తుపట్టలేదు. ఓటీజీ తీసి, మామూలు చార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ని లాప్‌టాప్‌కి కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయించాడు. నెట్ వచ్చేసింది. కెమెరా చూశాడు, మైకు చూశాడు, బ్రౌజర్లో మీటింగ్ లింకు తెరుచుకుంటుందో లేదో చూశాడు. పదకొండున్నరకి తువ్వాలు ఆరేసుకోవడానికి వెళ్లిపోయాడు.

అతనికి మాకంటే ఎక్కువేమీ తెలియదు. వరండాలో సగం మందికి లైవ్ బూట్ అంటే ఏమిటో అడిగితే చక్కగా చెబుతారు, ఇంటర్వ్యూలో అడిగితే ఇంకా చక్కగా చెబుతారు. కానీ ఆ రాత్రి కదిలినవి అతని చేతులే.

ఈ చేతుల సంగతి కొంచెం ఆలోచించండి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే. ఇవాళ రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. ఆ మేడల్లో పని నడిచేదంతా విభజన మీద. నా మాడ్యూల్ నాది, నెట్‌వర్క్ ఇంకొకరిది, లాప్‌టాప్ ఐటీ టీమ్‌ది. పాడైతే టికెట్ రెయిజ్ చేయి, కాఫీ తాగిరా. వ్యాపారానికి ఇది మంచిదే, కాదనను. అయితే పదేళ్లు అలా గడిపాక మనిషిలో ఒక మెత్తదనం వస్తుంది. టికెట్ తీసుకునేవాడు లేనిచోట, అంటే ఇంట్లో, ఊళ్లో, అర్ధరాత్రి హాస్టల్లో, ఏం చేయాలో తోచదు. చిన్న సమస్య కూడా తలకు మించినదిగా కనిపిస్తుంది. ఆత్మవిశ్వాసం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా ఈ మెత్తదనం పోదు. ఒక పని మొదటినుంచి చివరిదాకా సొంత చేతులతో పూర్తిచేస్తే కొంత పోతుంది. పెన్‌డ్రైవ్ మీంచి సిస్టమ్ ఎక్కించడం అందుకు సరిపోయే పని. ఖర్చు మూడు నాలుగు వందలు, సమయం ఒక సాయంత్రం.

కాబట్టి ఈ వారం ఒకటి తయారు చేసుకోండి. 16 జీబీది చాలు, 32 అయితే ఇంకా మంచిది. ఆన్‌లైన్‌లో అయిదొందలకే రెండు టీబీ అని కనిపించే పెన్‌డ్రైవ్‌ల జోలికి పోకండి. అవి ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేవి. నిండేదాకా బాగానే ఉంటాయి, ఆ తర్వాత రాసిన ఫైళ్లు గాలిలో కలుస్తాయి. విండోస్ చేతికింద ఉంటే రూఫస్ వాడండి. ఒకే పెన్‌డ్రైవ్‌లో విండోస్, లినక్స్ రెండూ కావాలంటే వెంటాయ్ మంచిది. దాన్ని ఒకసారి ఎక్కించి, ఐఎస్ఓ ఫైళ్లను మామూలు ఫైళ్లలా కాపీ చేసుకుంటూ పోవడమే. ఫోన్ ఒక్కటే ఉంటే ఎచ్‌డ్రాయిడ్, కాకపోతే విండోస్ ఐఎస్ఓలు దాంతో కుదరవు, లినక్స్‌వే రాయగలం. ఐఎస్ఓ ఎప్పుడూ అసలు తయారీదారు సైటు నుంచే దించండి. పక్కనే షా-256 అని 64 అక్షరాల వరస ఇస్తారు, అది మీ ఫైలుతో సరిపోలిందో చూసుకోండి. ఒక్క బైటు తేడా వచ్చినా వరసంతా మారిపోతుంది. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. దాటేసి, సగం ఇన్‌స్టాలేషన్‌లో ఆగిపోయాక లాప్‌టాప్‌ని తిడతారు.

ఇంకో ముఖ్యమైన మాట. సిస్టమ్ బాగున్నప్పుడే ఒకసారి దాంతో బూట్ చేసి చూడండి. మీ మెషీన్‌కి బూట్ మెనూ ఏ మీటతో వస్తుందో తెలుసుకోండి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9. తెలిసిన మీటని చీటీ మీద రాసి పెన్‌డ్రైవ్‌కి కట్టండి. విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ మనకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మన గుంటూరు కుర్రాడికి ఇంటర్వ్యూ అయితే గడిచింది కానీ, మర్నాడు సాయంత్రం ఫైళ్లు బయటికి తీద్దామంటే డిస్క్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. అలాంటిది ఒకటుందనే అతనికి తెలియదు. అదృష్టం కొద్దీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరికింది. మీది ఎక్కడుందో ఇవాళే చూసి కాగితం మీద రాసుకోండి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వుదామంటే కుదరదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెన్‌డ్రైవ్ రాసే దాదాపు ప్రతి ప్రోగ్రామూ, ఇన్‌స్టాల్ చేసే ప్రతి సిస్టమూ ఒకచోట ఆగి అడుగుతుంది: ఈ డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేస్తాను, సరేనా? అక్కడ మీ వేలు ఎంతసేపు ఆగుతుంది?

నా వేలు ఒకసారి ఆగలేదు. చాలా ఏళ్ల కిందటి మాట. మాదాపూర్‌లోనే ఒక చిన్న కంపెనీలో డెస్క్‌టాప్ సపోర్ట్ చేసేవాణ్ణి. మా మేనేజర్ గారు తన పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసిపెట్టమన్నారు. నేను నా మెషీన్ మీద పెన్‌డ్రైవ్ తయారు చేస్తున్నాను. టెర్మినల్లో డీడీ అనే కమాండ్ ఉంటుంది. ఏ డిస్క్ పేరు చెబితే దానిమీద రాసేస్తుంది, రెండోమాట అడగదు. డిస్క్ డిస్ట్రాయర్ అని దానికి ముద్దుపేరు కూడా ఉంది. పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీసీ. ఎస్‌డీబీ అంటే బ్యాకప్ తీద్దామని ఆయన ఇచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, పక్క పోర్టులో వేలాడుతోంది. 'సీ' కొట్టాల్సిన చోట 'బీ' కొట్టాను. ఎంటర్ నొక్కాను. పెన్‌డ్రైవ్ లైటు వెలగలేదు. హార్డ్‌డిస్క్ లైటు వెలుగుతోంది.

ఆ అర నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏసీ గదిలో వీపు మీద చెమట. ఆపేశాను, కానీ మొదటి కొన్ని వందల ఎంబీ పోయింది. దాంతోపాటు ఫైళ్ల చిట్టా మొత్తం పోయింది. తెరిస్తే డిస్క్ ఖాళీ. అందులో వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు, వాళ్ల పాప పుట్టినప్పటినుంచీ తీసినవి. నా బుర్రలో రెండు ఆలోచనలు వచ్చాయి, రెండూ చెత్తవే. ఒకటి, డిస్క్ దానంతటదే పోయిందని చెప్పడం. రెండు, గుట్టుగా ఫార్మాట్ చేసి ఏదైనా ప్రయత్నించడం. ఎందుకో కాళ్లు వాటంతటవే ఆయన క్యాబిన్‌కి వెళ్లాయి. "సార్, తప్పు చేశాను. మీ హార్డ్‌డిస్క్ మీద రాసేశాను. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, ఇంకేం రాయొద్దు" అన్నాను. ఆయన నావైపు చాలాసేపు చూశారు. "చూసుకోవద్దా బాబూ" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఫొటోలు చాలావరకు తిరిగొచ్చాయి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం రెండు రాత్రులు నడిస్తే వచ్చాయి. డిస్క్ మీద చిట్టా పోయినా, దాని మీద కొత్తగా ఏదీ రాయనంతవరకు పాత ఫైళ్లు ఎక్కడివక్కడే పడుంటాయి. ఆ తర్వాత మనం చేసే ప్రతి పనీ, చివరికి కంగారులో చేసే ఫార్మాటూ, వాటిమీద ఇంకో పొర వేస్తుంది. నేను ఆ మధ్యాహ్నం దాచిపెట్టి సొంతంగా కెలికి ఉంటే ఆ పాప మొదటి పుట్టినరోజు శాశ్వతంగా పోయేది. కాకపోతే పేర్లు, తేదీలు, ఫోల్డర్లు రాలేదు. వేల ఫొటోలకు ఎఫ్ అనే అక్షరం, పక్కన ఏడంకెలు, అదే పేరు. వాటిని వాళ్లమ్మగారు, ఆయన శ్రీమతి కూర్చుని నెలరోజులు సర్దుకున్నారట. నేను మాటిచ్చి రెండు ఆదివారాలు వెళ్లి వాళ్లతో కూర్చున్నాను. ఉప్మా పెట్టారు. నా ముఖం చూసి నవ్వారు కూడా.

అప్పటినుంచి నాకో అలవాటు. చెరిపేయనా అని సిస్టమ్ అడిగినప్పుడు చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంటాను. డిస్క్ పేరు, కంపెనీ పేరు, సైజు ఈ మూడూ పైకి చదువుతాను. సైజు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు. 16 జీబీ అని కొన్నది తెరమీద 14.9 అని కనిపిస్తే కంగారు పడకండి. తయారీదారు వెయ్యి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. పెన్‌డ్రైవ్ అనుకున్న చోట 298 అనో 465 అనో కనిపించిందంటే మాత్రం అది వేరే డిస్క్, ఆగిపోవాలి. అవసరం లేని డిస్కులన్నీ ముందే పీకి పక్కన పెడతాను. జూనియర్లు నవ్వుతారు. నవ్వనీ. ఈ అలవాటు కీబోర్డు దాటి కూడా పనికొచ్చింది. కోపంలో రాసిన మెయిల్‌కి సెండ్ కొట్టేముందు కూడా చేతులు ఒళ్లోకి వెళ్తాయిప్పుడు. ఆ డిస్క్ నేర్పింది ఇంకొకటుంది. మీ తప్పు మీకు తెలిసిన నిమిషంలో సంబంధించినవాళ్లకి చెప్పండి. వంకలు, వివరణలు తర్వాత. ఆలస్యం చేసిన ప్రతి గంటా పాత ఫొటో మీద పడే కొత్త పొర లాంటిదే.

ఫైళ్లు పంపడం సిస్టమ్ ఎక్కించడంకంటే తేలిక పని. తేలిక కాబట్టే అందరూ అజాగ్రత్తగా చేస్తారు. కాపీ పట్టీ వంద శాతం చేరగానే పెన్‌డ్రైవ్ లాగేసేవాళ్లు ఎంతమందో! తెరమీద అయిపోయినట్టు కనిపించినా, సగం డేటా ఇంకా కంప్యూటర్ మెమరీలో వరసలో నిలబడి ఉండొచ్చు. లినక్స్‌లో ఇది మరీ ఎక్కువ. ఎజెక్ట్ అంటేనే మిగిలింది ఖాయంగా దిగుతుంది. అందుకే ఎజెక్ట్ కొట్టి, సెలవిచ్చాకే తీయాలి. తీశాక రెండోచోట ఒక ఫైలు తెరిచి చూడాలి. పంపానంటే అందినట్టు కాదు. ఆఫీసులోనూ ఇంతే కదా. "మెయిల్ పెట్టేశాను" అనేవాడికీ, అవతలివాళ్లు అటాచ్‌మెంట్ తెరిచారో లేదో కనుక్కునేవాడికీ తేడా అప్రైజల్‌లో తెలుస్తుంది. సరే, అప్రైజల్‌లో తెలియకపోవచ్చు, టీములో తెలుస్తుంది.

చిన్న చిన్న చిక్కులు కొన్ని ఉన్నాయి. నాలుగు జీబీ దాటిన వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కనంటే అది ఫ్యాట్32లో ఉందన్నమాట. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చండి, మార్చేముందు ఉన్నవి తీసుకోండి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపినా కంప్యూటర్‌లో కనబడకపోతే నోటిఫికేషన్‌లో 'చార్జింగ్ మాత్రమే' అన్నదాన్ని 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' చేయాలి. అప్పటికీ రాకపోతే ఆ కేబుల్‌లో డేటా తీగలు లేకపోవచ్చు, వేరేది వాడండి. కేబులే లేకపోతే ఒకే వైఫై మీద లోకల్‌సెండ్‌తో ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య పంపుకోవచ్చు. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పాతరకం యూఎస్‌బీ మొదటిసారి ఎప్పుడూ తిరగేసి పెడతాం, అందరమూ. దాని రూపకల్పనకు నాయకత్వం వహించింది మన వడోదరలో ఇంజనీరింగ్ చదివి ఇంటెల్‌లో చేరిన అజయ్ భట్. రెండువైపులా పట్టేలా చేస్తే తీగలు, ఖర్చు రెట్టింపయ్యేవని ఆయనే చెప్పారు. కాబట్టి తిట్టుకోకుండా తిప్పి పెట్టండి.

ఇక ఈ ఐటీ కారిడార్‌లో పెన్‌డ్రైవ్ అనగానే వచ్చే అసలు గొడవ. చాలా కంపెనీల్లో యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉంటాయి. చార్జింగ్‌కి ఫోన్ పెట్టినా సెక్యూరిటీ టీముకి అలర్ట్ వెళ్తుంది. ఫోన్ కెమెరాకి స్టిక్కర్ అతికించి లోపలికి పంపే ఆఫీసులున్నాయి. దీన్ని అవమానంగా తీసుకునే కుర్రాళ్లను చూశాను. కానీ దానికి కారణం ఉంది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్, ఇంటర్నెట్‌తో సంబంధం లేని ఇరాన్ అణుకేంద్రంలోకి కూడా చేరింది. ఇలాంటిచోట్లకి దారి పెన్‌డ్రైవే. 2016లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు క్యాంపస్‌లో 297 పెన్‌డ్రైవ్‌లు కావాలని పారేసి చూశారు. దాదాపు సగం వాటిని ఎవరో ఒకరు తీసుకెళ్లి కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్లు తెరిచారు. అదీ చదువుకున్నవాళ్లుండే విశ్వవిద్యాలయంలో! ఫుడ్‌కోర్టు బల్ల మీద దొరికిన పెన్‌డ్రైవ్‌ని సెక్యూరిటీ డెస్క్‌లో ఇచ్చేయండి, ఎవరిదో తెలుసుకుందామనే మంచి ఉద్దేశంతో కూడా మీ లాప్‌టాప్‌కి పెట్టకండి.

ఉద్యోగం మారేవాళ్లకి ఒక మాట గట్టిగా చెబుతాను. నోటీస్ పీరియడ్ చివరి వారంలో "నేను రాసిన కోడే కదా" అని జీమెయిల్‌కి పంపుకోవడం, పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం చాలామంది చేస్తారు. మీరు రాసినా అది కంపెనీది. అనుమతి లేకుండా డేటా కాపీ చేయడం ఐటీ చట్టం, 2000లో 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అలా ఉంచండి. తీసుకెళ్లిన ఆ కోడ్‌ని కొత్త చోట ఎవరైనా తెరిచి చూశారా? నాకు తెలిసినంతలో లేదు. నిజంగా కావాల్సినవి పే స్లిప్పులు, ఫారం 16, ఆఫర్ లెటర్, మీ పీఎఫ్ వివరాలు. చివరి రోజున లాప్‌టాప్ అప్పజెప్పేశాక వాటికోసం హెచ్ఆర్‌కి ఫోన్లు చేసేవాళ్లే ఎక్కువ. ప్రతి నెలా అనుమతి ఉన్న దారిలో వాటిని దించి పెట్టుకోండి. నేర్చుకున్నది ఎలాగూ మీతోనే వస్తుంది, దాన్ని ఏ పోర్టూ మూయలేదు.

అలాగే ఇంకొకరి ఫోన్ మీ చేతికి వచ్చినప్పుడు. కొత్త ఫోన్ కొన్న స్నేహితురాలు, పాత ఫోన్‌లోవి మార్చిపెట్టమని మావయ్యగారు, లాప్‌టాప్ బాగుచేయమని పక్క క్యూబికల్ అమ్మాయి. బాగుచేయడం తెలిసినవాడి చేతికి ఊళ్లోవాళ్ల ఇంటి తాళాలన్నీ వస్తాయి. గ్యాలరీ తెరవకండి. అవసరమైతే వాళ్ల ముందే, వాళ్లను అడిగి తెరవండి. పాస్‌వర్డ్ వాళ్లనే కొట్టమనండి, ఆ సమయంలో తల పక్కకు తిప్పుకోండి. పని అయ్యాక మీ మెషీన్‌లో మిగిలిన కాపీ వాళ్లు చూస్తుండగా తుడిచేయండి. మూలగది అబ్బాయిని నేను మెచ్చుకున్నది లినక్స్ తెలిసినందుకు కాదు. టెథరింగ్ కోసం ఫోన్ తీసుకున్నప్పుడు, సెట్టింగ్స్ తెరిచి తిరిగి గుంటూరు కుర్రాడి చేతికే ఇచ్చి, "నువ్వే ఆన్ చెయ్యన్నా" అన్నాడు.

నేర్చుకున్నాక పంచండి. ఈ ఊళ్లో దానికి పాత సంప్రదాయమే ఉంది. ఇంటర్నెట్ ఖరీదుగా ఉన్న రోజుల్లో ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకి ఉచితంగా సీడీలు పోస్టులో పంపేవారు, 2011 దాకా. ఆ కవరు వచ్చినరోజు గదిలో పండగ. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ గచ్చిబౌలి కేంద్రంగా ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతూ, డెబియన్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది, ఇంజనీరింగ్ కాలేజీలకు వెళ్లి విద్యార్థుల చేత ఇన్‌స్టాల్ చేయించింది. డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్లో భాషల వరసలో తెలుగు కూడా ఉంటుంది. మా అమ్మ వయసువాళ్లకి చూపిస్తే ముఖం వెలిగిపోతుంది.

పంచడానికి ఇది మంచి సమయం కూడా. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. టీపీఎం 2.0 లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్‌లు మీ అటక మీద ఒకటో రెండో ఉండే ఉంటాయి. పాత హార్డ్‌డిస్క్ తీసేసి సీటీసీలో ఒక చిన్న ఎస్ఎస్‌డీ కొని వేసి, మింట్ ఎక్కిస్తే, పదో తరగతి పిల్లకి అయిదేళ్లు పనికొస్తుంది.

అయితే ఒక్క జాగ్రత్త, ఇది నాలాంటివాళ్లకే. నేర్చుకున్న ఉత్సాహంలో అందరి నెత్తినా అదే రుద్దకండి. కొండాపూర్‌లో ఒక జిరాక్సు షాపాయన కంప్యూటర్ నెమ్మదించిందంటే నేను గొప్పగా లినక్స్ వేసిచ్చాను. స్పీడుకి మురిసిపోయాడు. మర్నాడు ఫోన్. "సార్, నా ప్రింటర్ పలకడం లేదు. నా అను ఫాంట్ల పెళ్లిపత్రికలు తెరుచుకోవడం లేదు." మాఘమాసం ముహూర్తాలు నడుస్తున్నాయి, రోజుకి పది పత్రికలు కొట్టే సమయం. ఆ సాయంత్రమే వెళ్లి విండోస్ తిరిగి వేసి వచ్చాను. ఏం పని చేస్తారు, ఏ ప్రింటర్ వాడతారు, టాలీ కావాలా అని ముందే అడగాల్సింది. అడగలేదు. సాయం చేయాలన్న తొందరలో ఎదుటివాడి అవసరం వినకపోవడం కూడా గర్వమే. ఆయన టీ ఇప్పించాడు కాబట్టి బతికిపోయాను.

గుంటూరు కుర్రాడికి ఆ ఉద్యోగం రాలేదు. రెండో రౌండ్‌లో పోయింది, లాప్‌టాప్‌కి దానికీ సంబంధం లేదు. ఆ 16 జీబీ పెన్‌డ్రైవ్ మాత్రం ఇప్పుడు రెండో అంతస్తులో ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బాలో ఉంటుంది, ఓటీజీ ముక్కతో సహా. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో 'ఎఫ్12' అని రాసుంది. మొన్న మూడో అంతస్తు నుంచి ఎవరో వచ్చి తీసుకెళ్లి, పని చేసుకుని, మళ్లీ అక్కడే పెట్టారు.

మీరూ ఇవాళ రాత్రి ఒకటి రాసిపెట్టుకోండి. రాసేముందు ఆ పెన్‌డ్రైవ్‌ని ఒకసారి తెరిచి చూడండి, సినిమాల కింద మీ సర్టిఫికెట్లు ఉంటాయేమో.